విదేశాల్లో వాలంటీరింగ్, వీసా చిక్కులు: విశాఖ నుంచి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆహ్వానం వచ్చింది, సెలవు దొరికింది, ఇంట్లో ఒప్పుకున్నారు, వీసా దగ్గర ఆగిపోయింది. ఇలా ఆగిపోయే ఫైళ్లలో ఎక్కువ భాగం రెండు కారణాలకే ఆగుతాయి. చేయబోయే పని ఒకటి, అడిగిన వీసా రకం ఇంకొకటి కావడం మొదటిది. ఒక కాగితం చెప్పినదాన్ని మరో కాగితం కాదనడం రెండోది. ఫీజులూ నియమాలూ మారుతూనే ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున ఆ దేశపు అధికారిక సైట్లో ఒకసారి సరిచూసుకోండి.

జీతం తీసుకోను కదా, టూరిస్ట్ వీసా చాలదా?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. జీతం లేకపోతే అది పని కాదని మనం అనుకుంటాం, కానీ చాలా దేశాల చట్టం అలా అనుకోదు. ఆ పని మీరు చేయకపోతే జీతమిచ్చి ఇంకొకరితో చేయించుకునేవారా అన్నది అక్కడ అసలు ప్రశ్న.

దేశానికో లెక్క ఉంది. బ్రిటన్ విజిటర్ వీసా మీద వెళ్లినవారు రిజిస్టర్ అయిన చారిటీలో మొత్తం 30 రోజుల వరకే వాలంటీరింగ్ చేయవచ్చు. 31వ రోజు కావాలంటే వేరే వీసా (చారిటీ వర్కర్ వీసా లాంటిది) తీసుకోవాలి. అమెరికాకైతే గుర్తింపు ఉన్న మత సంస్థ లేదా లాభాపేక్ష లేని సేవాసంస్థ నడిపే స్వచ్ఛంద సేవా కార్యక్రమానికి బీ-1 (వ్యాపార సందర్శకుల వీసా) అడగాలి, బీ-2 (పర్యటన వీసా) కాదు. ఆస్ట్రేలియా విజిటర్ వీసా మీద వెళ్తే అసలు ఉద్దేశం పర్యటనై, సేవ పక్కన జరిగేదై ఉండాలి. థాయ్‌లాండ్‌లో వాలంటీర్లకు నాన్-ఇమిగ్రెంట్ “ఓ” రకం వీసా, దాని మీద వర్క్ పర్మిట్ కావాలి. టాంజానియాలో వాలంటీర్లు క్లాస్ సీ రెసిడెన్స్ పర్మిట్ కిందకు వస్తారు. కెన్యాలో మత, సేవాసంస్థల తరఫున దీర్ఘకాలం ఉండేవారికి క్లాస్ ఐ పర్మిట్ ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తీసుకునే ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) పర్యటన కోసమే, అది ఈ పర్మిట్‌కు బదులు కాదు.

“అందరూ టూరిస్ట్ వీసా మీదే వస్తారు, ఏం కాదు” అని సంస్థే చెబితే, ఆ మాట మెయిల్లో రాసిమ్మని అడగండి. రాసివ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

డబ్బు ఇవ్వరు, తిండీ గదీ ఇస్తారు. రోజుకు నాలుగైదు గంటల పని. ఇది వాలంటీరింగేనా?

పొలంలోనో హాస్టల్లోనో ఇలా పనిచేసి ఉండే ఏర్పాటును వీసా అధికారి సేవగా చూడరు. తిండి, వసతి కూడా ప్రతిఫలమే. అమెరికాలో విమానం దిగాక ఫోన్లో ఇలాంటి మెసేజీలు చూసి వెనక్కి పంపే ప్రమాదం ఉంది. ఆశ్రయమిచ్చేది రిజిస్టర్ అయిన సేవాసంస్థ కాకుండా ఒక కుటుంబమో వ్యాపారమో అయితే దాన్ని వాలంటీర్ వీసా ఫైల్లో పెట్టకండి.

బ్రిటన్ చారిటీ వర్కర్ వీసా ఎక్కడ బెడిసికొడుతుంది?

నాలుగు చోట్ల.

మొదటిది స్పాన్సర్. చారిటీగా రిజిస్టర్ అయితే సరిపోదు, హోమ్ ఆఫీస్ (బ్రిటన్ హోంశాఖ) నుంచి స్పాన్సర్ లైసెన్స్ కూడా ఉండాలి. లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితా ప్రభుత్వ సైట్లో అందరికీ కనిపిస్తుంది. పేరుతో పాటు, ఆ లైసెన్స్ ఏ రూట్‌కు (అంటే ఏ వీసా రకానికి) ఇచ్చారో కూడా చూడండి. స్కిల్డ్ వర్కర్‌కు మాత్రమే లైసెన్స్ ఉన్న సంస్థ మిమ్మల్ని చారిటీ వర్కర్‌గా పిలవలేదు.

రెండోది తేదీ. సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ కాగితం కాదు, ఒక నంబరు. అది చేతికొచ్చిన మూడు నెలల్లోపు వాడుకోవాలి. పని మొదలయ్యే తేదీకి మూడు నెలల కంటే ముందు దరఖాస్తు పెట్టడానికీ వీల్లేదు.

మూడోది బ్యాంక్ బ్యాలెన్స్. స్పాన్సర్ మీ ఖర్చుకు పూచీ పడకపోతే 1,270 పౌండ్లకు సరిపడా సొమ్ము వరుసగా 28 రోజులు మీ ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపలే పడాలి. 19వ రోజున ఏదో ఈఎంఐ కట్ అయి బ్యాలెన్స్ ఆ మొత్తానికి రెండు వందల రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. రూపాయి మారకం రేటు రోజూ కదులుతుంది కాబట్టి కనీసం పది శాతం ఎక్కువే ఉంచండి. ఈ 28 రోజులూ ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ తగలనివ్వకపోతే ఇంకా మేలు.

నాలుగోది టీబీ పరీక్ష. ఆరు నెలలకు మించి ఉండేవారికి ఇది తప్పనిసరి. హోమ్ ఆఫీస్ జాబితాలో ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, కేజీహెచ్‌లోనో వీధి చివరి డయాగ్నస్టిక్స్‌లోనో తీయించుకున్న ఎక్స్‌రే పనికిరాదు. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది.

ఫీజు 2025 ఏప్రిల్ సవరణ ప్రకారం 319 పౌండ్లు. ఆరు నెలలు దాటితే ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి అదనం. వీసా రాకపోతే సర్‌ఛార్జి తిరిగొస్తుంది, ఫీజు రాదు.

అమెరికా బీ-1 ఇంటర్వ్యూలో అర నిమిషంలో 214(బి) కాగితం చేతిలో పెట్టారు. సంస్థ ఇచ్చిన లెటర్ చూడనే లేదు. ఎందుకు?

అక్కడ నిర్ణయం ఎక్కువగా డీఎస్-160 ఫారం మీద, మీరు చెప్పే మొదటి రెండు వాక్యాల మీద నడుస్తుంది. 214(బి) అంటే మీరు తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని. మీ సంస్థ మంచిదా చెడ్డదా అన్నది అందులో లేదు. దీనికి అప్పీలు ఉండదు. మళ్లీ దరఖాస్తు చేయవచ్చు గానీ మళ్లీ 185 డాలర్లు కట్టాలి.

స్పాన్సర్ లెటర్లో ఉండాల్సినవి తక్కువే: మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఇక్కడి శాశ్వత చిరునామా, అమెరికాలో మొదట దిగే చోటు పేరు, చిరునామా, ఎంత కాలం పని. వీటికి తోడు జీతం ఉండదని, చేతి ఖర్చుకు ఇచ్చే భత్యం తప్ప అమెరికా నుంచి డబ్బేమీ రాదని స్పష్టంగా ఉండాలి. విరాళాలు అడగడం, వస్తువులు అమ్మడం ఈ వీసా మీద కుదరదు. లెటర్లో “నిధుల సేకరణలో సహకరిస్తారు” అన్న వాక్యం కనిపిస్తే ముందే తీయించండి.

ఫారంలో “పర్యటన” అని టిక్ పెట్టి, కౌంటర్ దగ్గర “వాలంటీరింగ్” అన్నారంటే మాట మారిపోయినట్టే.

221(జి) అన్న కాగితం ఇచ్చారా? కంగారు పడకండి, అది తుది తిరస్కారం కాదు. అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇవ్వాలి, లేదా వాళ్ల పరిశీలన ముగిసేదాకా ఆగాలి. ఎంత కాలమో ఎవరూ చెప్పరు, అందుకే ఈలోపు విమానం టికెట్ కొనకండి.

జర్మనీలో ఏడాది సేవ (ఎఫ్ఎస్‌జే, బీఎఫ్‌డీ) సంగతేంటి?

ఎఫ్ఎస్‌జేకి (యువత చేసే ఏడాది స్వచ్ఛంద సామాజిక సేవ) 27 ఏళ్లు నిండకూడదు. బీఎఫ్‌డీకి (ప్రభుత్వం నడిపే స్వచ్ఛంద సేవ) పై వయసు పరిమితి లేదు. రెండూ సాధారణంగా 12 నెలలు. దీనికి షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి స్వల్పకాల వీసా) కాదు, 75 యూరోల నేషనల్ వీసా కావాలి. ఒప్పంద పత్రం మీద మీతో పాటు సంబంధిత పక్షాలన్నీ సంతకం చేసి ఉండాలి. చేతిఖర్చు ఎంత, వసతి ఎవరిది, ఆరోగ్య బీమా ఎవరిది అన్నవి అందులోనే ఉండాలి.

ఎక్కువగా దెబ్బతినేది భాష దగ్గర. వృద్ధాశ్రమంలో పనిచేస్తానంటూ “నాకు జర్మన్ రాదు, అక్కడికెళ్లి నేర్చుకుంటా” అంటే ఆ ఉద్దేశం నమ్మశక్యంగా ఉండదు. జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ) స్థాయి దాకా వచ్చి పెట్టిన ఫైలుకూ, ఏ1 (ప్రారంభ) స్థాయితో పెట్టినదానికీ తేడా అధికారికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఇంకో మాట: తిరస్కారం వస్తే ఎంబసీకే అభ్యంతరం రాసుకునే రెమాన్‌స్ట్రేషన్ పద్ధతిని 2025 జూలై 1 నుంచి ఎత్తేశారు. ఇప్పుడు మిగిలింది కొత్త దరఖాస్తు, లేదంటే బెర్లిన్ పాలనా న్యాయస్థానంలో దావా. పాత వీడియోలు చూసి “రెమాన్‌స్ట్రేషన్ రాద్దాంలే” అనుకోకండి.

రెండు మూడు వారాల వర్క్‌క్యాంపుకి (కొందరు కలిసి చేసే సేవా శిబిరానికి) షెంగెన్ వీసా అడుగుతున్నాం. ఏం చూసుకోవాలి?

ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకు ఫైలు ఇవ్వవచ్చు. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది, వాళ్లకు సందేహం కలిగితే 45 రోజుల దాకా పట్టవచ్చు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవారికి 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం తీసుకునే సర్వీస్ ఛార్జీ వేరు. బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా, వెళ్లే రోజు నుంచి వచ్చే రోజు దాకా ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లి, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి.

క్యాంపు ఇటలీలో 14 రోజులు, ఆ తర్వాత పారిస్‌లో నాలుగు రోజులు అనుకుంటే దరఖాస్తు ఇటలీకే పెట్టాలి. ఫ్రాన్స్ అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని అక్కడ పెడితే ఆ ఒక్క కారణం చాలు తిప్పి పంపడానికి. క్యాంపు పనికి షార్ట్ స్టే వీసా సరిపోతుందా, స్థానిక అనుమతి కూడా కావాలా అన్నది ఆతిథ్య సంస్థే తమ దేశపు నియమం చూసి చెప్పాలి.

పేరు విషయంలో అంత పట్టింపా? మా అందరి సర్టిఫికెట్లూ ఇంటిపేరు ముందే కదా?

పట్టింపే. తెలుగువాళ్ల ఫైళ్లకు ప్రత్యేకంగా పట్టిన జబ్బు ఇది. ఒక మనిషినే తీసుకోండి. పదో తరగతి మెమోలో కోరాడ వెంకట లక్ష్మి. పాన్ కార్డులో కె.వి. లక్ష్మి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, గివెన్ నేమ్ గడిలో మొత్తం పేరు. సంస్థ పంపిన లెటర్లో లక్ష్మి కోరాడ. బ్యాంకు స్టేట్‌మెంట్లో స్పెల్లింగ్ ఎక్స్‌తో. మనకు ఐదూ ఒక్కరే. మన పేర్ల పద్ధతి తెలియని అధికారికి మాత్రం ముగ్గురు మనుషులు.

పద్ధతి ఒక్కటే: పాస్‌పోర్టే గీటురాయి. ఏ అక్షరం ఎలా ఉందో అలాగే ఆహ్వానం, బీమా, టికెట్, బ్యాంకు ఖాతా ఉండాలి. సంస్థకు పేరు టైప్ చేసి పంపకండి, పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ పంపి “ఇందులో ఉన్నట్టే రాయండి” అనండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు డీఎస్-160లో మొత్తం పేరును ఇంటిపేరు దగ్గర రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పెట్టాలి. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒకే పదం ఉన్న పేరుతో విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. టైం ఉంటే ఇంటిపేరు విడదీయించి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోవడమే తెలివైన పని. 36 పేజీలకు రూ.1,500, తత్కాల్‌కు ఇంకో రూ.2,000. చిన్న తేడాలకు ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జత చేయండి.

బ్యాంకులో డబ్బు చూపించాం, అయినా “ఆర్థిక స్తోమత లేదు” అన్నారు.

ఎంత ఉందన్నదానితో పాటు ఎలా వచ్చిందన్నదీ చూస్తారు. మూడు నెలలుగా నాలుగు వేలు దాటని ఖాతాలో ఫైలు పెట్టే ముందు వారం నాలుగు లక్షలు పడితే అది ఎవరి డబ్బోనని అనుమానిస్తారు. ఆ డబ్బు నిజంగా మీదే కావచ్చు. చిట్టీ పాడి ఉంటారు, నాన్నగారు రిటైరై పీఎఫ్ వచ్చి ఉంటుంది, భీమిలి వైపు స్థలం అమ్మి ఉంటారు. అలాంటప్పుడు ఆ ఎంట్రీ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దాని రుజువు వెనకే పెట్టండి: చిట్టీ కంపెనీ చెల్లింపు పత్రం, పీఎఫ్ సెటిల్‌మెంట్ కాగితం, రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు. వివరణ ఉత్తరం అర పేజీ దాటొద్దు.

తెలిసినవాళ్ల దగ్గర వారం రోజులకు అప్పు తెచ్చి చూపించడం, బంగారం తాకట్టు పెట్టి బ్యాలెన్స్ పెంచడం రెండూ స్టేట్‌మెంట్లోనే బయటపడతాయి. సీఏతో తీయించే ఆస్తి విలువ సర్టిఫికెట్ పక్క వాయిద్యం లాంటిది. ఖాతాలో ఏమీ లేకుండా ఇల్లు, పొలం చూపిస్తే అక్కడ అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఖర్చు సంస్థ భరిస్తే ఏది భరిస్తుందో విడివిడిగా రాయించండి. “అన్ని ఏర్పాట్లూ మేమే చూసుకుంటాం” అన్న వాక్యానికి విలువ లేదు. వసతి ఎక్కడ, భోజనం రోజుకు ఎన్నిసార్లు, విమానం ఖర్చు ఎవరిది, చేతిఖర్చు నెలకు ఎంత అన్నవి అంకెల్లో ఉండాలి.

ఉద్యోగం లేదు, పెళ్లి కాలేదు. తిరిగి వస్తానని ఎలా నిరూపించాలి?

నిరూపించడం కష్టమే, కానీ దారులు లేకపోలేదు. చదువుతున్నవారికి కాలేజీ బోనఫైడ్‌తో పాటు తర్వాతి సెమిస్టర్ మొదలయ్యే తేదీ ఉన్న కాగితం బాగా పనిచేస్తుంది. ఏయూలోనో మరోచోటో సీటు వచ్చి, చేరే తేదీ ముందుంటే అది పెట్టండి. ఉద్యోగులకు సెలవు మంజూరు లెటర్ కావాలి. “మాకు అభ్యంతరం లేదు” అంటే చాలదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవు, ఏ రోజున తిరిగి చేరాలి అన్నది ఉండాలి. ప్రభుత్వోద్యోగులకు శాఖ ఎన్‌వోసీ వేరుగా కావాలి, అది కదలడానికే నెల పడుతుంది.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవారు ఏడాది ప్రోగ్రాంకి కాక, మొదట మూడు నాలుగు వారాల కార్యక్రమానికి అడగడం మంచిది. వెళ్లి, గడువులోపు తిరిగొచ్చిన ఒక స్టాంపు తర్వాతి ఫైలుకు ఏ అఫిడవిట్ కన్నా బలం. ఇక్కడ ఇప్పటికే చేస్తున్న సేవ కూడా లెక్కకొస్తుంది. రక్తదాన శిబిరమో, బీచ్ శుభ్రం చేసే బృందమో, సాయంత్రం ట్యూషన్లో పాఠాలో ఏదైనా సరే, తేదీలతో సర్టిఫికెట్ తీసుకోండి. ఊళ్లో ఎప్పుడూ సేవ చేయని మనిషికి విదేశంలోనే చేయాలని ఎందుకనిపించిందన్న ప్రశ్న సహజం.

వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్లాల్సిందేనా?

మీ దేశానికి విశాఖలో సేకరణ కేంద్రం ఉందేమో ముందు సైట్లో చూడండి, లేకపోతే ఎక్కువగా హైదరాబాదే. అమెరికాకు రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి: ఒకటి వేలిముద్రలు, ఫోటోకి, రెండోది నానక్‌రాంగూడ కాన్సులేట్లో ఇంటర్వ్యూకి. అంటే రెండు రోజుల మకాం. పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉంటే అదే రోజు ఉదయం బయలుదేరే వందే భారత్ పనికిరాదు, అది మధ్యాహ్నానికి గాని సికింద్రాబాద్ చేరదు. ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్కడమే మేలు. అక్టోబరు, నవంబరుల్లో అయితే తుపాను వచ్చి రైళ్లు రద్దయ్యే నెలలని గుర్తుంచుకుని ఒక రోజు ముందే చేరుకోండి.

గోరింటాకు, అరచేతుల మీద పగుళ్లు, కోసుకున్న వేలు వేలిముద్ర యంత్రానికి పడవు. పెళ్లిళ్ల సీజన్లో గోరింటాకు వెలిసేదాకా ఆగలేక అపాయింట్‌మెంట్ పోగొట్టుకునేవారున్నారు. షెంగెన్‌కు ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి.

ఫోటో స్టూడియోలో “పాస్‌పోర్ట్ సైజు” అనకండి. షెంగెన్, బ్రిటన్‌లకు 35 × 45 మిల్లీమీటర్లు, అమెరికాకు 51 × 51. ముఖం తెల్లబరచొద్దని, మచ్చలు తీయొద్దని గట్టిగా చెప్పండి. మన స్టూడియోలవాళ్లు అడక్కుండానే ఆ పని చేస్తారు.

పీసీసీ ఎందుకు ఆలస్యమవుతోంది?

పిల్లలతోనో, వృద్ధులతోనో పనంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దాదాపు ఖాయంగా అడుగుతారు. పాస్‌పోర్ట్ సేవా సైట్లో రూ.500 కట్టి స్లాట్ తీసుకుని మర్రిపాలెం కేంద్రానికి వెళ్లాలి. ఆలస్యం సాధారణంగా చిరునామా వల్లే. ఆధార్‌లో శ్రీకాకుళం, పాస్‌పోర్టులో గాజువాక, ఉండేది ఎంవీపీ కాలనీ హాస్టల్లో. కానిస్టేబుల్ గాజువాక ఇంటికి వెళ్తే తాళం ఉంటుంది. దరఖాస్తులో ఇప్పుడు నిజంగా ఉంటున్న చిరునామా రాయండి, ఏడాది లోపే మారి ఉంటే పాతది కూడా చూపండి, ఫోన్ ఎత్తండి. పీసీసీని చాలా దేశాలు ఆరు నెలలకు మించి పాతదైతే తీసుకోవు, కాబట్టి మరీ తొందరపడి కూడా తీయించొద్దు.

ద్వారకానగర్లో ఒక కన్సల్టెన్సీ “గ్యారంటీ వీసా” అంటోంది. నమ్మవచ్చా?

వీసాకు గ్యారంటీ ఇవ్వగలిగింది ఆ దేశ ప్రభుత్వం ఒక్కటే, అది ఇవ్వదు. ఫారం నింపడానికి, కాగితాలు వరుస పెట్టడానికి ఎవరికైనా రుసుము ఇస్తే తప్పు లేదు. మీ కథ వాళ్లు రాస్తే మాత్రం తప్పు. నాలుగు ఫైళ్లలో ఒకే ఉద్దేశ పత్రం, పేరు మాత్రమే మార్చి కనిపిస్తే నలుగురూ మునుగుతారు. నకిలీ ఉద్యోగ లెటరో, దిద్దిన స్టేట్‌మెంటో పెడితే బ్రిటన్‌లో పదేళ్లు, ఆస్ట్రేలియాలో మూడేళ్లు తలుపు మూసుకుంటుంది. “నాకు తెలియదు, ఏజెంట్ పెట్టాడు” అంటే చెల్లదు. దరఖాస్తు కింద సంతకం మీదే.

టూరిస్ట్ వీసా మీద పంపి, అక్కడ దిగాక పని చూపిస్తామంటే ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. సేవ పేరుతో కూడా అదే ఎర వేయవచ్చు. పోల్చుకోవడానికి ఒకటి: ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ఏ దశలోనూ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు.

తిరస్కారం వచ్చింది. మొదట ఏం చేయాలి?

ఆ రోజు ఏమీ చేయకండి. మర్నాడు లెటర్ తీసి ఒక్కో వాక్యం పక్కన, మీరిచ్చిన ఏ కాగితం దానికి జవాబు చెప్పాల్సిందో రాయండి. షెంగెన్ ఫారంలో కారణాల పక్కన టిక్ మాత్రమే ఉంటుంది. “ఉద్దేశం, పరిస్థితులు సమర్థించలేదు” అన్న గడికి టిక్ పడితే సాధారణంగా ఆహ్వాన పత్రం బలహీనం. “తిరిగి వెళ్తారన్న దానిపై సందేహం” అంటే ఇక్కడి బంధాలు, పాత ప్రయాణాలు. “సమాచారం నమ్మదగినది కాదు” అంటే ఎక్కడో రెండు కాగితాలు పోట్లాడుకున్నాయి, దాన్ని పట్టుకోకుండా మళ్లీ పెట్టడం దండగ.

అప్పీలా, కొత్త దరఖాస్తా? అధికారి మీ ఫైల్లో ఉన్న కాగితాన్ని చూడకుండా తప్పుగా రాస్తే అప్పీలు. మీ దగ్గరే లోపం ఉంటే కొత్త దరఖాస్తు. షెంగెన్‌లో అప్పీలు గడువు, భాష దేశాన్ని బట్టి మారతాయి, లెటర్ చివర్లో ఉంటాయి. బ్రిటన్ చారిటీ వర్కర్‌కు బ్రిటన్ బయటి నుంచి దరఖాస్తు చేసి ఉంటే 28 రోజుల్లోపు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమనడం) అడగవచ్చు. విజిటర్ వీసాకు ఆ వెసులుబాటు లేదు.

మళ్లీ పెట్టడానికి ఈ దేశాల్లో సాధారణంగా నిర్బంధ విరామం లేదు. అలాగని వారంలోనే అవే కాగితాలు పంపితే అదే జవాబు వస్తుంది.

పాత తిరస్కారాన్ని కొత్త ఫారంలో చెప్పకపోతే?

చెప్పండి. షెంగెన్ దేశాల ఉమ్మడి వ్యవస్థలో ఆ రికార్డు ఐదేళ్లు ఉంటుంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వేలిముద్రల సమాచారం పంచుకుంటాయి. తిరస్కారం ఉన్నా వీసాలు వస్తున్నాయి. దాచినది దొరికితే మాత్రం రావు.

సంస్థకు కట్టిన ప్రోగ్రాం ఫీజు, టికెట్ డబ్బు?

ముందే మాట్లాడుకుంటేనే. డబ్బు పంపేముందు మూడు ప్రశ్నలు మెయిల్లో అడగండి: వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు, తిరస్కార పత్రం పంపితే చాలా, తేదీ వాయిదా వేసుకోవచ్చా ఒకసారికి మించి. వీసాకు ముందు రిజిస్ట్రేషన్ మొత్తమే కట్టి, మిగిలింది వీసా వచ్చాక కడతామనండి. మంచి సంస్థలు ఒప్పుకుంటాయి. ఎవరో వ్యక్తి సొంత ఖాతాకు కాకుండా బ్యాంకు ద్వారా, సంస్థ పేరు మీదే పంపండి, ఆ రసీదు ఫైల్లోనూ పనికొస్తుంది. టికెట్ విషయంలో ఎంబసీలు సాధారణంగా అడిగేది రిజర్వేషనే, కొన్న టికెట్ కాదు.

వైద్యులు, నర్సులు వేరే ఏమైనా చూసుకోవాలా?

వీసా వచ్చినా స్థానిక వైద్య మండలి తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా రోగిని ముట్టుకోకూడదు. చాలా దేశాల్లో వీసాకే ఆ కాగితం ఆధారం. దానికి మన వైద్య మండలి నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పేది) కావాలి. ఇక్కడ మొదలుపెట్టి అక్కడ ముగిసేసరికి మూడు నెలలు వేసుకోండి. విద్యార్థులైతే లెటర్లో “చికిత్స” అన్న మాట రాకుండా “పరిశీలన” అని ఉండేలా చూడండి, నిజంగా చేసేది కూడా అదే కావాలి.

ఆఫ్రికా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా ఎప్పుడు?

ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు. సర్టిఫికెట్ పదో రోజు నుంచే చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ దగ్గర వేస్తారు. టీకా రోజులు, టీకా సీసా తెరవడానికి కావాల్సిన మంది సంఖ్య ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఇది వెళ్లేటప్పుడే కాదు, వచ్చేటప్పుడూ కావాలి. కెన్యా, ఉగాండాల నుంచి పసుపు కార్డు లేకుండా దిగితే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్.

వీసా ఉంది. విమానాశ్రయంలో ఆపేస్తారా?

ఆపవచ్చు. మన ఇమిగ్రేషన్ కౌంటర్లో తిరుగు టికెట్, ఎక్కడ ఉంటారు, ఎవరు పిలిచారు అని అడుగుతారు. ఆహ్వానం ప్రింటు చేతి సంచిలో ఉంచండి, లగేజీలో కాదు. అక్కడ దిగాక వీసా దరఖాస్తులో ఏం రాశారో అదే చెప్పండి. సర్టిఫికెట్ల అసలు కట్ట, పదిహేను రెజ్యూమేలు, వంట పాత్రలు సామాన్లో కనిపిస్తే మూడు వారాల సేవకు ఇవెందుకని తప్పకుండా అడుగుతారు.

ఇంత తతంగం లేకుండా వెళ్లే దేశం లేదా?

నేపాల్. భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చూపాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి ఆధార్ చెల్లదు. ఓటరు కార్డులో పేరు, టికెట్లో పేరు ఒకటే అయ్యుండాలి, ఇక్కడ కూడా ఇంటిపేరు గొడవే.